పెద్దలు లేని చరిత్ర : చిక్కబళ్ళాపుర సీమ తెలుగు క్రైస్తవ సంఘము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు కర్ణాటక రాష్ట్రమునకు తూర్పు అంచున నున్నవి. 2007 వరకు ఇవి కోలారు జిల్లాలోని భాగములు. ఆ సంవత్సరమున చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా అయినది. ఇక్కడ కచేరి భాష కన్నడము. పొలములోను, సంతలోను, పెండ్లి పందిరిలోను వినవచ్చునది మాత్రము, ముఖ్యముగా బాగేపల్లి వైపున, తెలుగు. ఇట్టి సీమలో ఏ చిన్న సంస్థ చరిత్ర వ్రాయబోయినను రెండు భాషల కాగితములు చూడవలసి యుండును. క్రైస్తవ సంఘము విషయములో మూడవ భాష యొకటి వచ్చి ముందు నిలిచినది. ఈ సంఘమును గూర్చి అచ్చయిన దానిలో అధికభాగము ఇంగ్లీషులో నున్నది; అందును చాలవరకు లండనుకు పంపిన నివేదికలను చూచి కూర్చినది.

ఇట్టి గ్రంథములను, వాని ననుసరించి వెలువడు జూబిలీ సంచికలను చదువువారికి ఒక మూస కనబడును. మొదట ఒక దొర గుఱ్ఱముపైనో, ఎద్దుబండిపైనో వచ్చును. పిదప డేరా, బోధ, తొలి బాప్తిస్మము, బడి, ఆసుపత్రి, గుడికి శంకుస్థాపన. నడుమ ఒక కరవు. చివర అంకెలు. దొరల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉండును. దొరసానుల పేర్లు భర్తల పేర్ల వెనుక నొదిగి యుండును. ఉపదేశికుల పేర్లు ఒకటి రెండు దొరకవచ్చును. ఇంటింటికి తిరిగి చదివి వినిపించిన బైబిలు స్త్రీలు పేరులేక కేవలము సంఖ్యగా మిగిలినారు. సంఘమును తరతరములుగా నడిపిన ఊరివారి జాడ దాదాపు శూన్యము. సంఘ చరిత్ర యను పేరుగల పుస్తకములో సంఘమే కానరాదు. ఈ లోపము ఎట్లు కలిగినది, దానిని పూరించుటకు తెలుగు ఎంతవరకు సాయపడును అను రెండు ప్రశ్నలే ఇచట ప్రస్తుతములు.

అందుకు ముందు ఒక చిక్కు విప్పవలసి యున్నది. ఈ సీమ సంఘమును కొందరు ప్రెస్బిటీరియన్ సంఘ మని పేర్కొందురు, మరికొందరు కాదందురు. ప్రెస్బిటీరియన్ అనుమాటకు మూలము 'పెద్ద' అను అర్థముగల గ్రీకు పదము. పేరు సిద్ధాంతమును బట్టి గాక పాలనను బట్టి వచ్చినది. 1560లో జాన్ నాక్సు నాయకత్వమున స్కాట్లండులో స్థిరపడిన ఈ పద్ధతిలో బిషప్పు లేడు. ప్రతి సంఘమునకు ఎన్నుకొనబడిన పెద్దలు ఉందురు. వారును కాపరియు కలిసి సంఘమును ఏలుదురు. అట్టి కొన్ని సంఘములకు పైన ప్రెస్బిటరీ, దానికి పైన సినడు. హాలెండు దేశపు సంస్కరణ సంఘములలోను పద్ధతి ఇదియే. అచట ప్రెస్బిటరీని క్లాసిస్ అందురు. దీనికి భిన్నమైనది కాంగ్రిగేషనల్ పద్ధతి. అందు పై సభల ఆజ్ఞ చెల్లదు. ఒక్కొక్క సంఘము తన సభ్యులందరి సమావేశమున తన పని తానే నిర్ణయించుకొనును. మొదటిది పంచాయతీల మీద పంచాయతీ వంటిది, రెండవది ఊరికి ఊరే రచ్చబండ దగ్గర కూడుట వంటిది అని చెప్పిన స్థూలముగా తప్పు లేదు.

ఈ సీమలో క్రైస్తవమునకు తొలి జాడ ఈ రెంటిలో దేనిది గాదు. 18వ శతాబ్ది తొలి దశలో ఫ్రెంచి జెస్యూటు పాదిరులు కర్ణాటక మిషను అను పేర పుంగనూరు మొదలగు చోట్ల కేంద్రములు నెలకొల్పిరి. వారిలో నొకడైన లె గాక్ పాదిరి 1709లో వ్రాసిన లేఖ యొకటి ఫ్రాన్సులో అచ్చయిన జెస్యూటుల లేఖా సంపుటములలో చేరినది. ఆ లేఖ వెలువడిన ఊరి పేరు అందు 'చిన్నబళ్ళాబరం' అను రూపమున నున్నది. ఈ ఒక్క మాట పరిశోధకునకు విలువైనది. పరదేశి తాను విన్న పేరునే వ్రాయును. కన్నడిగుడు 'చిక్క' అనును, తెలుగువాడు 'చిన్న' అనును. మూడువందల యేండ్లకు పూర్వము ఆ పాదిరి చెవిని బడిన పేరు తెలుగు పేరు. అతని చుట్టు నున్నవారు ఏ భాష మాటలాడిరో వేరుగా సాక్ష్యము వెదకనక్కర లేదు. 1773లో పోపు ఆ సంఘమునే రద్దు చేయగా ఈ మిషను క్షీణించినది.

ఊళ్ళ పేర్లు భాషా చరిత్రకు దస్తావేజులని మరల చెప్పుటకు ఇటీవల నొక అవసరము కలిగినది. 2025 జూలైలో నందికొండపై జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశము బాగేపల్లికి భాగ్యనగర మని పేరు మార్చుట కామోదించినది. అభ్యంతరము పెట్టువారికి వారి కారణములు గలవు, సమర్థించువారికి వారివి గలవు. చరిత్రకారునకు మాత్రము 'పల్లి' అను తోకయే కావలసినది.

ఇక లండను మిషను. 1795లో స్థాపితమై, పిమ్మట లండను మిషనరీ సొసైటీ యని పేరొందిన ఈ సంస్థ 1796లో ఒక మూల సూత్రమును చేసికొన్నది. ప్రెస్బిటీరియన్ పద్ధతి గాని, స్వతంత్ర సంఘ పద్ధతి గాని, బిషప్పుల పద్ధతి గాని అన్యదేశములకు పంపుట తమ ఉద్దేశము కాదనియు, సువార్తను మాత్రమే పంపుదు మనియు, ఏ పాలనా పద్ధతి దేవుని వాక్యమునకు తగునో దానిని ఆ దేశపు విశ్వాసులే ఎన్నుకొందు రనియు ఆ సూత్రమున కర్థము. ఇంతటి ఉదారమైన మాట ఆ కాలపు మిషనులలో అరుదు. కాలక్రమమున సంస్థ పోషకులలో కాంగ్రిగేషనల్ వారు అధికులైరి. కావున ఆచరణలో వారి పద్ధతియే పైచేయి అయినది. అయినను సూత్రము సూత్రముగా నిలిచినది. దానిని కొలబద్దగా పట్టుకొని ఆ సంస్థ పనిని విమర్శించుట న్యాయము.

ఈ మిషను 1805లో విశాఖపట్టణమున, 1810లో బళ్ళారిలో, 1820లో బెంగుళూరులో, 1822లో కడపలో పని మొదలిడినది. బెంగుళూరు నుండి ఉత్తరముగా విస్తరించి చిక్కబళ్ళాపురమున కేంద్ర మేర్పరచుకొన్నది. నేడు ఆ పట్టణమున దక్షిణ ఇండియా సంఘము పేర నున్న ఆసుపత్రి ఈ మిషను వైద్య కృషి నుండి పెరిగినదే. బాగేపల్లి, చింతామణి వైపు గ్రామములకు ఆసుపత్రి పేరు తెలిసినంతగా సంఘము పేరు తెలియదనుట అతిశయోక్తి కాదు. రోగి వచ్చినప్పు డతని భాష అడుగువా రుండరు. నొప్పి ఎక్కడ అని అడుగుదురు, అది తెలుగులోనే చెప్పబడును. నివేదిక వ్రాయునప్పుడు మాత్రము భాష అడుగవలసి వచ్చినది.

అసలు చిక్కు ఇచటనే పుట్టినది. లండను మిషను తన దక్షిణ భారత కృషిని భాషలను బట్టి కన్నడ, తెలుగు, తమిళ విభాగములుగాను, తిరువాన్కూరును వేరుగాను లెక్కించినది. బెంగుళూరు కన్నడ విభాగము. కడప, గుత్తి, అనంతపురము తెలుగు విభాగము. చిక్కబళ్ళాపురము బెంగుళూరు నుండి నడుపబడినది గనుక కన్నడ పద్దులో పడినది. పద్దు పెట్టెలో వేసినవాడు పెట్టెపై చీటీ చూచినాడు గాని లోపల నున్న మాట వినలేదు. రిచర్డ్ లవెట్ 1899లో రెండు సంపుటములుగా ప్రకటించిన శతవార్షిక చరిత్రయు, 1895 నుండి 1945 వరకు గల కాలమునకు నార్మన్ గుడాల్ 1954లో వెలువరించిన చరిత్రయు ప్రామాణికములే. పత్రాగారమును శ్రద్ధతో చదివి వ్రాసిన గ్రంథములను తేలికగా త్రోసివేయరాదు. కాని వాని చూపు కేంద్రముల మీద, కార్యదర్శుల మీద, నిధుల మీద నిలిచినది. కన్నడ పద్దులో నున్న తెలుగు సంఘము అట్టి చూపునకు తగులదు. తెలుగు పని కొరకు వెదకువాడు కడప ప్రకరణము తెరచును. అచట చిక్కబళ్ళాపురము లేదు. కన్నడ ప్రకరణము తెరచువాడు అందు తెలుగును వెదకడు.

ఇది అనివార్యమని చెప్పుటకు వీలులేదు. అదే కాలమున, అదే నేలపై, వేరొక విధముగ పని చేసినవా డొకడు గలడు. బెంజమిన్ రైసు అను లండను మిషను బోధకుడు బెంగుళూరులో దీర్ఘకాలము పనిచేసినాడు. అతని కుమారుడు లూయీ రైసు మైసూరు సంస్థానమున శాసన శాఖకు అధిపతి యై 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' సంపుటములను ప్రకటించినాడు. 1905లో వెలువడిన పదవ సంపుటము కోలారు జిల్లాది. ఈ మూడు తాలూకాల శాసనములు అందే యున్నవి. గ్రంథము పేరు కర్ణాటికా. అయినను అందలి తెలుగు శాసనము తెలుగు శాసనముగనే అచ్చయినది. రాతిపై ఏ భాష ఉన్నదో ఆ భాషనే చదువుట శాసన పరిశోధకుని ధర్మము. తండ్రి పనిచేసిన మిషను ఈ చిన్న ధర్మమును తన సంఘముల విషయమున పాటించి యుండిన, నేడు ఇంత వెదకులాట యుండెడిది గాదు.

ప్రెస్బిటీరియన్ పద్ధతి ఈ సీమకు తూర్పు నుండి వచ్చినది. అమెరికాలోని డచ్చి మూలముగల రిఫార్మ్డ్ సంఘము వారు ఆర్కాటు ప్రాంతమున పనిచేయుచు 1853లో ఆర్కాటు క్లాసిస్‌ను ఏర్పరచిరి. స్కడ్డరు సోదరులు ముగ్గురు దానికి ఆద్యులు. ఆ మిషనుకు చెందిన జేకబ్ చేంబర్లేను 1863లో మదనపల్లె చేరెను. మదనపల్లె నుండి పడమరగా నడచిన శ్రీనివాసపురము, చింతామణి సీమలు వచ్చును. నడుమ గుట్టలు, చెరువులు, వేరుసెనగ చేలు తప్ప భాషకు అడ్డుకట్ట లేదు. ఆ ప్రక్క మద్రాసు రాజధాని, ఈ ప్రక్క మైసూరు సంస్థానము. సుంకపు చావడి దాటిన తరువాత కూడ వియ్యపురాలు తెలుగే మాటలాడును.

చేంబర్లేను వైద్యుడును, బోధకుడును. తెలుగు వాఙ్మయమున అతని స్థానమును గూర్చి చెప్పవలసినంత ఎవరును చెప్పలేదు. రిఫార్మ్డ్ సంఘపు ఆరాధన క్రమమును 1873లో తెలుగు చేసినాడు. 1884లో ఆరాధనకు తగిన కీర్తనలను ప్రకటించినాడు. 1873 మొదలు రమారమి ఇరువది యేండ్లు తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షత వహించినాడు. ఇంతకన్న ప్రస్తుతమునకు ముఖ్యమైనది, పెద్దల పాలన పద్ధతి ఈ తెలుగు సీమలో తెలుగు మాటలతో నెలకొన్న దతని మిషనులో. ఆర్కాటు క్లాసిస్ వారును, మద్రాసులోని స్కాట్లండు మిషను వారును ఏకమై దక్షిణ భారత సినడును నిర్మించగా 1902లో చేంబర్లేనే దానికి తొలి అధ్యక్షు డయ్యెను. అతడు 1908లో మరణించినాడు. అదే సంవత్సరము జూలైలో ప్రెస్బిటీరియన్ సినడును, లండను మిషను మొదలగు కాంగ్రిగేషనల్ సంఘములును కలిసి దక్షిణ భారత ఐక్య సంఘముగా ఏర్పడినవి.

కావున చిక్కు విప్పుట కష్టము గాదు. చిక్కబళ్ళాపుర సీమ సంఘము పుట్టుకచే కాంగ్రిగేషనల్. 1908 నుండి 1947 వరకు ముప్పది తొమ్మిది యేండ్లు అది ప్రెస్బిటీరియనులతో కలిసిన ఐక్య సంఘమున భాగము. 1919లో తరంగంబాడిలో, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పైన దోర్నకలు అజరయ్యగారు మొదలగువారు కూడి ఐక్యతకై చేసిన ప్రకటన నుండి ఇరువది యెనిమిదేండ్ల చర్చ తరువాత, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినది. అందు ఆంగ్లికన్, మెథడిస్టు సంఘములు కూడ కలిసినవి, బిషప్పులు వచ్చిరి. ఈ సీమ మైసూరు అధ్యక్ష ఖండమున పడినది. 1970లో ఆ ఖండము మూడుగా చీలగా కర్ణాటక మధ్య ఖండమునకు చెందినది. మదనపల్లె రాయలసీమ ఖండమున నున్నది. పాత సుంకపు చావడి పోయినను గీత పోలేదు. ఒకే భాష మాటలాడు రెండు సంఘములు, ఒకటి ప్రెస్బిటీరియన్ మూలముది, రెండవది కాంగ్రిగేషనల్ మూలముది, ఒకే పెద్ద సంఘములో చేరియు రెండు ఖండములలో ఉండిపోయినవి. 1908 నాటి కలయికవలన ఈ రెంటికిని తెలుగు ముఖముగా ఏర్పడవలసిన సంబంధము పరిపాలన గీతకు లోబడిపోయిన దనుట చారిత్రక విమర్శకు నిలుచు మాట.

పేర్ల విచారణ ఇంతటితో ముగిసిన, ఇది కేవలము వంశావళి. మాటలోనికి దిగిననే గాని సారము దొరకదు.

బైబిలులోని గ్రీకు పదమునకు తెలుగు అనువాదకులు 'పెద్ద' అను మాటను వాడిరి. తమిళ బైబిలులో 'మూప్పర్', కన్నడ బైబిలులో 'హిరియరు'. కన్నడమున 'సభ' అను మాటను ముందు చేర్చి సభా హిరియరు అని సంఘపు పెద్దలను వేరు చేయుట గలదు. తెలుగు బైబిలు ఆ భేదము పాటింపదు. మోషే కాలపు ఇశ్రాయేలు పెద్దలును, పట్టణపు గవిని దగ్గర కూర్చుండు పెద్దలును, అపొస్తలులు ఏర్పరచిన సంఘపు పెద్దలును అందరును పెద్దలే. ఈ పదము అనువాదకులు కల్పించినది గాదు. ప్రతి తెలుగు పల్లెలోను తగవు తీర్చువారు పెద్దలు, పెండ్లి మాటలాడువారు పెద్దలు, చెరువు నీరు పంచువారు పెద్దలు. 'పెద్దమనిషి' అను మాటకు గల బరువు ఈ సీమలో ఎవరికిని వివరింపనక్కర లేదు.

ఇచట చరిత్రకారుడు ఆగి చూడవలసిన సంగతి యొకటి గలదు. ఈ ప్రాంతపు తెలుగు సంఘములలో చేరినవారిలో అధికులు ఊరి వెలుపలి వాడలవారు. ఊరి పెద్దల ముందర నిలిచి తీర్పు వినుట తప్ప, తాము పెద్దలుగా కూర్చుండుట వారి తాతలు ఎరుగరు. అట్టివాడు సంఘమున పెద్ద అయ్యెను. మాట అదియే. ఊరిలో ఆ మాట ఎవరికి చెల్లునో, గుడిలో అది వాడవానికి చెల్లినది. ఆదివారమున కానుక లెక్క చూచుట, తగవులు విని సర్దుట, బల్లకు ఎవరు తగుదురో విచారించుట, కాపరి లేనినాడు ప్రార్థన నడుపుట — ఈ పనులు చేయువానిని సంఘమువారు పెద్ద అని పిలిచిరి. ఇంగ్లీషు నివేదికలో ఇది 'ఎల్డరు' అని వ్రాయబడి, చదువు దొరకు స్కాట్లండులోని ఒక గౌరవనీయుని గుర్తు తెచ్చి, అంతటితో ఆగిపోవును. తెలుగు మాటగా చదివిననే దాని వెనుక జరిగిన మార్పు తెలియును. బాప్తిస్మముల సంఖ్యను జాగ్రత్తగా లెక్కించిన నివేదికలు, ఎవరెవరు పెద్ద లైరో లెక్కింపలేదు. సంఘమున జరిగిన పెద్ద మార్పు ఏదో నిర్ణయించుటలో ఆ చరిత్రలు పొరపడిన వనుట ఇందువలననే.

ఇందులకు ప్రతిపక్షముగా ఒక మాట చెప్పవచ్చును. కాంగ్రిగేషనల్ పద్ధతిలో ప్రెస్బిటీరియనులకు వలె పాలించు పెద్దలు లేరు; అచట ఉన్నవారు డీకనులు. కావున చిక్కబళ్ళాపుర సీమకు ఈ వాదము వర్తింపదనవచ్చును. న్యాయమైన ఆక్షేపణ. కాని రాజ్యాంగములోని బిరుదు వేరు, సంఘములోని పిలుపు వేరు. 'డీకను' అనుటకు తెలుగు బైబిలులోని 'పరిచారకుడు' అను మాట పల్లెలో గౌరవ వాచకముగా నిలువదు. సేవ చేయువాడు అని మాత్రమే ధ్వనించును. జనము నోట పెద్ద అను పిలుపే నిలుచుట సహజము. ఏ పద్ధతి తగునో విశ్వాసులే ఎన్నుకొందురని 1796లో లండనులో చెప్పిరి. తెలుగువారు ఏ తీర్మానము చేయకయే, ఒక్క పిలుపుతో, ఎన్నుకొనిరి. పుట్టుకచే కాంగ్రిగేషనల్ అయిన సంఘమును ప్రెస్బిటీరియన్ అని కొందరు పిలుచుట పూర్తిగా తప్పు గాదనుటకు ఇంతకు మించిన ఆధార మక్కరలేదు.

1947 తరువాత ఈ మాటకు విచిత్రమైన గతి పట్టినది. దక్షిణ ఇండియా సంఘము అభిషిక్తుడైన కాపరిని ఇంగ్లీషున 'ప్రెస్బిటరు' అనును. అనగా మూలార్థమున 'పెద్ద'. పెద్ద అను మాట గ్రీకు రూపమున అయ్యగారికి పోయినది. అభిషేకము లేని ఊరి పెద్ద చాలచోట్ల 'పాస్టరేటు కమిటీ మెంబరు' అయినాడు. కమిటీ మెంబరును ఎన్నికలో గెలువవచ్చును, ఓడవచ్చును; పెద్దను గూర్చి ఆ మాట చెప్పుట కష్టము. ఐక్యతలో ప్రెస్బిటీరియన్ పద్ధతి నిలిచినదని వాదించు విద్వాంసులు సినడు అను పేరును, సభల వరుసను చూపుదురు. పైన నిలిచినది నిజమే. క్రింద, మాటలో, అది జారిపోయినది.

తెలుగు, కన్నడ పదముల తేడా ఈ సీమలో మరికొన్ని చోట్ల బయలుపడును. తెలుగున 'సంఘము', కన్నడమున 'సభె'. తెలుగువానికి సభ యనిన ఒకనాడు కూడి విడిపోవునది. సంఘము కలిసి నిలుచునది. తెలుగున 'కాపరి' గొఱ్ఱెలవాని మాట. బాగేపల్లి గుట్టలలో గొఱ్ఱెల మంద వెంట పోవు బాలునకు కూడ తెలిసినది. కన్నడమున 'సభాపాలక' సంస్కృతపు హోదాతో నుండును. కన్నడమున దైవమును 'దేవరు' అందురు, గౌరవము తోచును. కాని రాయలసీమకు ఆనుకొని యున్న తెలుగు పల్లెలలో 'దేవర' అనగా గ్రామదేవతకు చేయు జాతర, ఏటపోతులతో సహా. కన్నడ ఆరాధనను వినుచున్న తెలుగు ముసలమ్మ చెవికి ఆ మాట ఏమని ధ్వనించునో భాషాంతరకర్తలు ఊహించి యుండరు. ఇది కన్నడము మీది ఆక్షేపణ గాదు. కన్నడిగులకు ఆ మాటలు సహజములు, సుందరములు. ఒక భాషవారి సంఘమును వేరొక భాష పద్దులో వ్రాసినప్పుడు ఏమి మారునో చూపుటకే ఈ ప్రస్తావన.

పాటల విషయము వేరు. అందు ఈ సీమ తెలుగుకు రెండు వైపుల నుండియు నష్టము. తెలుగు క్రైస్తవ కీర్తన వాఙ్మయమున పురుషోత్తమ చౌధరిగారు (1803-1890) అగ్రగణ్యులు. పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, పలు కీర్తనలు రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున పాటల తలపై రాగతాళములు అచ్చువేయుట పరిపాటి. స్కాట్లండు ప్రెస్బిటీరియనులు దావీదు కీర్తనలను ఛందోబద్ధము చేసి, చాలకాలము వాద్యము లేకుండ పాడినవారు. వారి వారసత్వము కొంత స్వీకరించిన తెలుగు సంఘము మాత్రము రాగతాళములు విడువలేదు. ఇది మెచ్చదగినది. కాని ఆ కీర్తనల తెలుగు ఉత్తర సర్కారుల విద్వత్తునుండి వచ్చినది. తొలి బైబిలు అనువాదము వలె. 1812లో శ్రీరాంపురమున అచ్చయిన సువార్తలు విశాఖపట్టణమున అనువదింపబడినవి. అనువాదకుడు డెగ్రాంజెస్‌కు తోడ్పడినవాడు ఆనందరాయడను బ్రాహ్మణ క్రైస్తవుడు. 1818 నాటి ప్రిచెట్ కొత్త నిబంధనయు ఆ మిషనుదే. చిక్కబళ్ళాపుర సీమ తెలుగు అందు లేదు, ఉండుటకు వీలును లేదు.

ఆ సీమ తెలుగులో భక్తి పాటలు లేకపోలేదు. చింతామణి తాలూకా కైవారములో నారేయణ యోగి, జనులు కైవారము తాతయ్య యని కొలుచు మహనీయుడు, తెలుగున, కన్నడమున తత్త్వములు, కీర్తనలు చెప్పినాడు. సంప్రదాయము అతని జీవితకాలమును 1726 నుండి 1836 వరకు, అనగా నూట పదేండ్లుగా చెప్పును. గాజులమ్మిన బలిజ ఇంటివాడు. అతని మాట గాజుల మలారము మోసిన ఊళ్ళ మాట. లండను మిషను బెంగుళూరు చేరునాటికి ఆ పాటలు ఈ ఊళ్ళలో భజనలుగా నుండినవి. క్రైస్తవ కీర్తనకును, కైవారపు తత్త్వమునకును నడుమ సిద్ధాంతమున ఎంత దూరమున్నను, పాడువారు ఒకే ఊరివారు, తాళము వేయు చేతులు ఒకే పనిచేయు చేతులు. ఈ సంఘమున పుట్టిన పాటలు, గ్రంథమున కెక్కని పాటలు, కైవారపు బాణీలలో ఎన్ని ఉన్నవో పరిశీలించుట సంగీతము తెలిసినవారు చేయవలసిన పని. సర్కారు కీర్తనల గ్రంథమును చూచి తెలుగు క్రైస్తవ వాఙ్మయమంతయు చూచితిమనుకొను విమర్శకులు ఈ భాగమును వదలివేసినారు.

కైవారము తాతయ్య తెలుగు రచనలు నేడు కన్నడ లిపిలో విరివిగా అచ్చగుచున్నవి. తెలుగు పాడుదురు, కన్నడ అక్షరములలో చదువుదురు. సంఘములోను జరుగునది ఇదియే. బడిలో కన్నడము మాత్రము నేర్చిన బిడ్డ అమ్మమ్మ పాడు తెలుగు కీర్తనను కన్నడ లిపిలో వ్రాసికొనును. 'చ'కారపు రెండు ఉచ్చారణలు, కొన్ని అరసున్నలు పోయినను పాట నిలుచును. ఆ తరువాతి తరమునకు పాట అర్థము తెలియుట తెలుగు మాట ఇంటిలో నిలిచినంత కాలమే. లిపి మారినందున గ్రంథాలయములలో ఇట్టి పుస్తకములు కన్నడపు అరలో చేరును. లండను మిషను పద్దులో ఒకమారు జరిగిన పొరపాటు, ఈమారు ఎవరి దోషమును లేకయే, మరల జరుగుచున్నది.

కావున ఈ సంఘము చరిత్ర వ్రాయబూనువారు లండను పత్రాగారమునకు ముందు దగ్గరి కాగితములు చూడవలెను. బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సంఘ సమావేశముల మినిట్సు పుస్తకము — ఇందు మినిట్సు అన్నిటికన్న విలువైనది. ఏలన, దొర సంతకము క్రింద ఊరివారి సంతకములు ఉండునది అచటనే. ఎవరు తెలుగున సంతకము చేసిరి, ఎవరు కన్నడమున, ఎవరు వ్రేలిముద్ర వేసిరి అను దానిని వరుసగా నెత్తి వ్రాసినచో, యాబదియేండ్ల విద్యా చరిత్ర, భాషా చరిత్ర ఒక్క పట్టికలో కనబడును. సమాధి రాళ్ళపై లిపిని తేదీతో సహా నకలు తీయవలెను; లూయీ రైసు పద్ధతిని సమాధులకు వర్తింపజేయుట ఇది. ఇండ్లలోని చేతివ్రాత పాటల పుస్తకములను లిపి ఏదైనను తెలుగు గ్రంథములుగా జాబితాలో చేర్చవలెను. మదనపల్లె వైపు సంఘముల కాగితములతో సరిపోల్చిన, ఏ వియ్యము ద్వారా ఏ పాట ఈవలకు వచ్చినదో తెలియును.

ఇందు ఏ ఒక్కటియు పెద్ద ఖర్చుతో గూడినది గాదు. ఒక ఉపాధ్యాయుడు, ఒక కెమెరా, సంఘపు అనుమతి చాలును. మొదట ఎత్తి వ్రాయవలసినది బాప్తిస్మముల మొత్తము గాదు. మినిట్సు పుస్తకమున ప్రతి సమావేశము తలపై నుండు 'హాజరైన పెద్దలు' అను పంక్తియు, దాని క్రింది పేర్లును.